పాటల పెట్టెకు కట్టిన గుడ్డ

కారు డాష్‌బోర్డు మధ్యలో నల్లగా ఒక కన్నం ఉంది. పాటల పెట్టె ముందుపలక ఊడి తీగల మీద వేలాడుతోంది. లోపల హార్డ్ డిస్క్ ఉండాల్సిన అర ఖాళీ. దాన్ని కలిపే పట్టీ తీగ బయటికి వచ్చేసి ఉంది, చివర పోగులు తెగి ఉన్నాయి.

టార్చి ఆ తెగిన చోటే పెట్టి చూశాను. విప్పి తీసిన పని కాదిది. పట్టుకుని పీకేశారు.

"అతను కూర్చున్నది ఇక్కడేనా?" అని అడిగాను, సంగతి తెలిసినా.

"స్టీరింగ్ దగ్గరే. తల కిటికీకి ఆనించి ఉంది. నిద్రపోయాడనుకున్నా అక్కా," అంది జీబెక్.

జీబెక్ జోల్దోష్ భార్య. అత్తగారు పోయిన నలభయ్యో రోజు ఇంకా రానేలేదు, అంతలో మొగుణ్ణి కూడా అదే కొండపక్క మట్టిలో పెట్టి వచ్చింది. నల్ల గుడ్డ తలకు చుట్టుకుని గ్యారేజీ గుమ్మంలోనే నిలబడింది కానీ లోపలికి అడుగు పెట్టలేదు. నేనూ రమ్మనలేదు.

జరిగింది ఇది. గురువారం సాయంత్రం పోయినవాళ్ల పేరు మీద ఇంట్లో నూనె కాగాలి. ఆడవాళ్లంతా పెరట్లో బూరెలు వేయిస్తున్నారు. జోల్దోష్‌ని చూడటానికి ఎవరో వచ్చారు. అతను గ్యారేజీలోకి వెళ్లాడు, మళ్లీ రాలేదు. జీబెక్ వెతుక్కుంటూ వెళ్లేసరికి తలుపులు మూసి ఉన్నాయి, ఇంజను ఆడుతోంది, గదంతా పొగ. తల్లి మీద బెంగతో చేసుకున్నాడని వీధంతా అనేసింది. మర్నాడు డాక్టరు అతని తల వెనక దెబ్బ చూపించాడు. పొగ కంటే ముందు తగిలిన దెబ్బ.

ఆ రోజే స్లావా కిమ్‌ని పట్టుకొచ్చి లోపల వేశారు. స్లావా ఊళ్లో జపాన్ కార్ల పాటల పెట్టెలు బాగుచేసే కొరియావాడు. పెట్టె మీద అతని వేలిముద్రలు ఉన్నాయట. ఉండవా మరి? చలికాలం చివర్లో ఆ పెట్టెలో చిన్న డిస్కు తీసి పెద్ద డిస్కు వేసింది అతనే. కేసు ప్రాసిక్యూటర్ ఆఫీసుది. మా దగ్గర అంతే, వాళ్లు కూర్చుని రాస్తారు, మేం పోలీసులం తిరుగుతాం. నేను కెప్టెన్‌గానే ముసలిదాన్నవుతున్నాను కాబట్టి మిగతావాళ్ల కంటే ఎక్కువ తిరుగుతాను.

"వచ్చినవాణ్ణి నువ్వు చూశావా?"

"లేదక్కా. పొయ్యి దగ్గరున్నా. చావింటికొచ్చినోడు లోపలికి రావాలి కదా, కూర్చుని దువా చదవాలి, రొట్టె ముక్క నోట్లో వేసుకోవాలి. రమ్మను అని ఆయనతో అన్నా. రానన్నాడంట. ఇంతమంది ఆడవాళ్లలో ఎందుకులే, మగాళ్లం బయటే మాట్లాడుకుంటాం అన్నాడంట."

"స్లావా అయితే?"

"స్లావా అయితే పిలవక్కర్లేదు, తిన్నగా బూరెల పళ్లెం దగ్గరికే వస్తాడు." ఆమె మొహంలో నవ్వులాంటిది ఒకటి వచ్చి, సిగ్గుపడి వెళ్లిపోయింది.

నేను కారులోకి వంగాను. గేరు పక్కన చిల్లర, ఒక దువ్వెన, నాటు పొగాకు పొట్లం. డాష్‌బోర్డు పైన చిన్న గూడు ఉంది. అందులో నీలంపూల గుడ్డముక్క ఒకటి కనిపించింది. అరచేయంత వెడల్పు, మోచేయంత పొడవు. నాలుగు మడతలు, అంచుకి అంచు కలిపి, పైన నలగకుండా.

చూడగానే అర్థమైంది. చావింట పెద్దవాళ్ల పేరు మీద పంచే గుడ్డ. అలాంటివి నా బీరువాలో ఓ దొంతర ఉన్నాయి. వాటిని పారెయ్యలేం, వాడలేం.

"ఇది మీ అత్తగారిదేనా?"

"అమ్మదే. కానీ..." జీబెక్ గుమ్మం దాటి నాలుగడుగులు లోపలికి వచ్చేసింది, తనకు తెలియకుండానే. "ఇది ఇక్కడెందుకుంది?"

"ఎక్కడ ఉండాలి?"

"పెట్టె మీద. ఆయనే అడ్డంగా కట్టి ముడేశాడు. నలభై అయ్యేదాకా ఈ కారులో పాట మోగకూడదని. మా ఇంట్లో టీవీ కూడా గోడవైపు తిప్పేసుంది."

"అసలు వినలేదా?"

"పూడ్చి వచ్చిన రోజు ఒక్కసారి విన్నాడు. పాట కాదు, అమ్మ గొంతు. అమ్మ ఎవరింట్లో చావుకి శోకం పాడినా ఆయన రికార్డు చేసి సీడీ చేసుకునేవాడు. కారులో పెట్టుకునేవాడు."

అసిల్కాన్ ముసలమ్మ శోకం నేనూ విన్నాను. మా అన్న పోయినప్పుడు వచ్చింది. ఆమె నోరు తెరిస్తే రాయిలాంటి మగాళ్లు గోడవైపు తిరిగి నిలబడేవారు.

"ఆరోజు విని ఏమన్నాడు?"

జీబెక్ తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకుంది. "అమ్మ పక్కనే పాము పడుకుని ఉంది జీబెక్, అన్నాడు. ఏ పాము అంటే చెప్పలేదు. రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత, చెప్పాల్సిన మనిషికే చెప్పేశాను, ఆయన చూసుకుంటానన్నాడు, అని ఊపిరి పీల్చుకున్నాడు."

"ఎవరా మనిషి?"

"పేరు చెప్పలేదక్కా. పెద్ద మనిషని మాత్రం అన్నాడు."

"అమ్మ చివరిసారి శోకం పాడింది ఎక్కడ?"

"ఆ కూలీల దగ్గర. ఆ కాంట్రాక్టరు మదుమారోవ్ కట్టే బిల్డింగు గోడ కూలి ఏడుగురు పోయారు చూడు, వాళ్లకి. దక్షిణం నుంచొచ్చిన పిల్లలు. ఇక్కడ ఏడ్చేవాళ్లు లేరని అమ్మే వెళ్లింది. ఆయన మదుమారోవ్‌నే తిప్పేవాడు కదా ఈ కారులో, వద్దమ్మా అన్నాడు. అమ్మ వింటుందా?"

ఆ కేసు నాకు గుర్తుంది. ఎవరి తప్పూ లేదని మూసేశారు.

గుడ్డ మడత విప్పకుండా చేతిలో పట్టుకున్నాను. జోల్దోష్ ముడి వేశాడు, జోల్దోష్ విప్పడు. అయితే వచ్చినవాడు విప్పాడు. డిస్కు పీకే తొందరలో తీగ తెంపాడు, పలక విరిచాడు, ఒక మనిషిని పొగలో వదిలి తలుపు మూశాడు. కానీ ఈ గుడ్డని కింద పడెయ్యలేకపోయాడు. నిలబడి నాలుగు మడతలు పెట్టి ఎత్తులో పెట్టాడు. ఆ చేతికి ఎవరో మా అమ్మలాంటి అమ్మే ఆ మడత నేర్పించి ఉంటుంది.

"తుర్సునాయ్ అక్కా, గ్యారేజీ అద్దెకి తీసుకుంటున్నారా ఏంటి?"

గుమ్మంలో ఎర్నిస్ చొరోయెవ్. ప్రాసిక్యూటర్ ఆఫీసు ఇన్వెస్టిగేటరు. నాకంటే పదిహేనేళ్లు చిన్న, నాకంటే మూడు మెట్లు పైన. మంచి కోటు, బురద అంటని బూట్లు. బయట మంచు కరిగి వీధంతా బురద, ఆ బూట్లు ఎలా శుభ్రంగా ఉంటాయో నాకెప్పుడూ అర్థం కాదు.

"నీ పనే చేస్తున్నా ఎర్నిస్. నువ్వు చూడనివి చూస్తున్నా."

"చూసెయ్యండి. రిటైరయ్యాక కూరగాయల మడి తప్ప చూడ్డానికేం ఉండదు." జీబెక్ వైపు తిరిగి తల వంచి రెండు మాటలు పరామర్శ చెప్పాడు. ఆమె ఇంట్లోకి వెళ్లిపోయింది. అతను కారు మీద చెయ్యి వేశాడు. "ఇందులో ఏముందక్కా తేల్చడానికి? వీడు తల్లి గొంతు దాచుకున్నాడు. ఆ కిమ్‌గాడు డిస్కు మార్చేటప్పుడు దాన్ని చెడగొట్టాడు. తల్లి పోయింది, గొంతూ పోయింది. వీడు పిలిచి నిలదీశాడు, వాడు కొట్టాడు. భయపడి ఇంజను వేసి, డిస్కు పీక్కుని పారిపోయాడు."

కథ బాగానే అల్లాడు. అదే నాకు మండింది.

"గొంతు పోలేదు. పెద్ద డిస్కు వేశాకే జోల్దోష్ విన్నాడు. పెళ్లాం చెబుతోంది."

"పెళ్లాం ఏడుస్తూ ఏదైనా చెబుతుంది."

"తీగ చూడు. రోజూ ఇవే విప్పేవాడు తీగ తెంపుతాడా? ఇది ఇక్కడ దొరకదు, దుబాయ్ నుంచి రావాలి. స్లావా తన వేలు తెంపుకుంటాడు గానీ దీన్ని తెంపడు."

"భయంలో తెంపాడు."

"భయంలో ఉన్నవాడు గుడ్డ మడత పెడతాడా?"

చెయ్యి చాపి గుడ్డ చూపించాను. చొరోయెవ్ దాన్ని చూశాడు. ఆలోచించకుండానే రెండు అరచేతులూ ఎత్తి మొహం మీదుగా కిందికి దింపుకున్నాడు, చనిపోయినవాళ్ల పేరు వినపడితే మేమంతా చేసేదే. నా చేతులూ అప్పటికే లేచాయి. ఒక్క క్షణం ఇద్దరం ఒక ఇంటివాళ్లలా నిలబడ్డాం.

"దీన్ని కోర్టులో ఏమని చూపిస్తారు?" అన్నాడు తర్వాత. గొంతు మామూలుగానే ఉంది. "హంతకుడికి మర్యాద ఎక్కువ, కాబట్టి కొరియావాడు కాదు అనా? జడ్జి మిమ్మల్ని పిచ్చాసుపత్రికి పంపిస్తాడు. ఎండ వాలేలోపు కిమ్ ఒప్పుకోలు మీద సంతకం పెడతాడు. రాత్రికి పెద్ద జైలుకి పంపించేస్తాను."

"పెట్టకపోతే?"

"ఇంకా ఎనిమిది వేళ్లున్నాయిగా."

జోకులా అన్నాడు. గుడ్డ సంచిలో పెట్టుకుని అతన్ని దాటి బయటికి నడిచాను.

*

స్లావా కిమ్ కుడిచేతి వేళ్లు రెండు నల్లబడి, మిగతా వాటికి రెండింతలు వాచి ఉన్నాయి. చీమంత స్క్రూలు పట్టుకునే వేళ్లవి. ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, వేరేవాళ్ల సామానుకి కాపలా కూర్చున్నట్టు కూర్చున్నాడు.

లాకప్ సార్జంట్ ముసలివాడు, నాతో కలిసి చేరినవాడే. డాక్టరు చూసి కాగితం రాయకుండా ఈ చేతితో మనిషిని పెద్ద జైలువాళ్లు తీసుకోరు, అది నీకూ తెలుసు అన్నాను. డాక్టరు ఊళ్లో లేడన్నాడు. వచ్చేదాకా ఆగమన్నాను. అతను నన్ను, ఆ వేళ్లని మార్చి మార్చి చూసి, "ఎక్కువసేపు ఆపలేను తుర్సునాయ్," అని తలుపు దగ్గరికి వేశాడు.

"సంతకం పెట్టేస్తా అక్కా," అన్నాడు స్లావా నేను కూర్చోకముందే. "పెట్టి పారేస్తా. జైల్లో కూడా పాటల పెట్టెలుంటాయిగా."

"ముందు నాకొకటి చెప్పు. అసిల్కాన్ అమ్మ చావులో నీకు గుడ్డ ఇచ్చారా?"

"ఇచ్చారు. నీలంపూలది."

"ఎక్కడుంది?"

"షాపులో. మెత్తటి నూలు గదా, డిస్కు మూతలు తుడవడానికి భలే పనికొస్తోంది." నా మొహం చూసి ఆగాడు. "ఏమైంది? తుడవకూడదా?"

నేను కళ్లు మూసుకున్నాను. పాపం అసిల్కాన్ అమ్మ. బతికుంటే వీడి చెవి మెలిపెట్టేది. కానీ ఆ గుడ్డ వీణ్ణి కాపాడటానికే అలా నలిగినట్టుంది. గ్యారేజీలో మడత పెట్టిన చెయ్యి వీడిది కాదు.

"ఆ పెట్టె ఎలా పనిచేస్తుందో చెప్పు. నాకర్థమయ్యేలా చెప్పు, గొప్పలొద్దు."

"గొప్పలు లేకుండా చెబితే ఏముంది అక్కా అందులో?" వాచిన చెయ్యి మర్చిపోయి ముందుకు వంగాడు. "మనకొచ్చే జపాన్ కార్లలో రేడియో మన స్టేషన్లు పట్టదు. అందుకే జనం పెట్టె మీద పడతారు. సీడీ పెట్టావనుకో, పాడుతుంది. పాడుతూ పాడుతూ, నువ్వు అడగకపోయినా, లోపల డిస్కులోకి కాపీ చేసుకుంటుంది. సీడీ తీసేసినా పాట ఉండిపోతుంది. జపాన్‌వాళ్లిచ్చే డిస్కు చిన్నది, ఏడాదిలో నిండుతుంది. అప్పుడు నా దగ్గరికొస్తారు. తాళం తీసి, ఉన్నదంతా పెద్ద డిస్కులోకి ఎక్కించి, కింద సైకిల్ ట్యూబు ముక్క వేసి బిగిస్తా, మన గుంతల రోడ్లకి అదరకుండా. ఈ తాళం తీసేవాడు ఈ దేశంలో నేనొక్కణ్ణే."

"ఏ సీడీ పెట్టినా కాపీ అవుతుందా? ఎవరైనా మాట్లాడింది రికార్డు చేసిన సీడీ పెడితే?"

"దానికేం తెలుసు పాటో మాటో?"

మదుమారోవ్ ఎప్పుడో ఎవరితోనో మాట్లాడింది రికార్డు చేసి పెట్టుకుని, ఆ సీడీని జోల్దోష్ కారులో కూర్చుని విని ఉంటాడు. విన్నాక తీసి జేబులో పెట్టుకుని వెళ్లిపోయి ఉంటాడు. పెట్టె మాత్రం వినడం మానలేదు. అమ్మ శోకం పక్కనే అది వెళ్లి పడుకుంది.

"జోల్దోష్ పాత డిస్కు ఏం చేశావు?"

"చెరిపేసి వేరేవాళ్లకి అమ్మేశా. అన్నీ చెరిపేస్తా. ఒట్టు."

ఇంతసేపూ నా కళ్లలోకి చూసి మాట్లాడినవాడు ఈ మాట నేలకి చెప్పాడు.

"స్లావా, రెండు వేళ్లయ్యాయి. నువ్వు ఎవరికి భయపడి అబద్ధం చెబుతున్నావు?"

"పన్నువాళ్లకి," అన్నాడు గొణుగుతూ. "నా దగ్గరికి వచ్చిన ప్రతి డిస్కూ నా డిస్కులోకి ఎక్కించుకుంటా. లేకపోతే అన్ని పాటలు నాకెక్కడివి? కొత్త డిస్కు వేయించుకున్నవాడికి పదివేల పాటలు ఉచితం అని బోర్డు పెట్టా. ఒకడి పాటలు ఇంకొకడికి, వాడివి మరొకడికి. అందరూ అదే చేస్తారు అక్కా."

"అంటే జోల్దోష్‌ది నీ డిస్కులో ఉంది."

"ఉండేది. షాపు మొత్తం ఎత్తుకుపోయారుగా. సాక్ష్యం అన్నారు. స్టవ్‌లో తగలబెట్టారని ఆ సార్జంటే చెప్పాడు."

"వినలేదా నువ్వెప్పుడూ?"

"ఎవరు వింటారక్కా అన్నీ? ఎక్కించడమే పని."

"జోల్దోష్ తర్వాత ఎంతమందికి ఎక్కించావు?"

"ఒక్కడికే. తర్వాత దుబాయ్ నుంచి డిస్కులు రాలేదు."

"ఎవరు?"

స్లావా తలుపు వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"నన్ను ఇక్కడ వేసినాయనకే. చొరోయెవ్‌గారికి. తనంతట తనే వచ్చాడు, పెద్ద డిస్కు వెయ్యి అని. భుజం మీద నక్షత్రాలున్నవాళ్ల దగ్గర నేను డబ్బులు తీసుకోను. పక్కనే నిలబడి అన్నీ అడిగాడు. సీడీ పెడితే లోపల ఉండిపోతుందా, ఎలా చెరపాలి, పాత డిస్కులేం చేస్తావు, కాపీలుంచుకుంటావా అని. ప్రాసిక్యూటర్ ఆఫీసు కదా, నాకు భయమేసింది. ఒక్కటీ ఉంచను సార్, అమ్మ తోడు అన్నా. అంటూనే నా పాటలన్నీ ఆయన కారులోకి ఎక్కిస్తున్నా, అవతల కాపీ నడుస్తూనే ఉంది."

గోడ కూలిన కేసు మూసిన సంతకం ఎవరిదో అప్పుడు గుర్తొచ్చింది. చెప్పాల్సిన మనిషికే చెప్పేశానని జోల్దోష్ ఊపిరి పీల్చుకున్నది ఎవరి దగ్గరో అర్థమైంది. పాముని చూశానని వెళ్లి పాముకే చెప్పాడు.

"ఆయన కారులో అది ఎక్కడుంటుంది?"

"అన్నింటికంటే చివర. బొత్తాన్ని మొదటి పాట నుంచి వెనక్కి తిప్పితే చివరికి వెళ్తుంది. అక్కడ ముసలమ్మ ఏడుపు, సరిగ్గా పడిందో లేదో అని ఒక ముక్క విన్నా. దాని తర్వాతది ఆఖరిది." అప్పుడు అతనికీ ఏదో తట్టింది. "అక్కా, నేనేం ఎక్కించాను ఆయనకి?"

అతని తల మీద చెయ్యి వేసి లేచాను. సంతకం పెట్టకు, డాక్టరు వచ్చేదాకా స్పృహ తప్పినట్టు పడుకో అన్నాను.

*

సోదా చెయ్యాలంటే ప్రాసిక్యూటర్ సంతకం కావాలి. ప్రాసిక్యూటర్ ఆఫీసువాడి కారు సోదా చెయ్యడానికి ప్రాసిక్యూటర్‌నే సంతకం అడగాలి. నా పై అధికారికి చెబితే ఆయన చొరోయెవ్‌కి ఫోన్ చేసి, మా ముసలిది ఏదో అంటోందని నవ్వుతాడు. ఈలోపు కారులో మిగిలిన ఒక్క కాపీ కూడా పోతుంది. మిగిలింది ఒకటే దారి, నేను వెళ్లి వినాలి. నాతోపాటు ఆ గొంతు గుర్తుపట్టగలిగిన మనిషి ఇంకొకరు వినాలి.

పెరట్లో నిలబడి జీబెక్‌కి ఫోన్ చేశాను. ఏం వినపడినా నోరు మెదపొద్దు తల్లీ, ఫోను పెట్టెయ్యొద్దు, అది మీ అత్తగారి గొంతో కాదో తర్వాత నువ్వే కోర్టులో చెప్పాలి అన్నాను. సరే అక్కా అంది. ఫోను అలాగే కోటు జేబులో వేసుకున్నాను.

చొరోయెవ్ కారు గేటు లోపలికి వచ్చింది. తెల్లటి కుడిచేతి స్టీరింగు జపాన్ కారు.

"కిమ్ పడిపోయాడంట?" అన్నాడు అద్దం దించి.

"డాక్టరు కోసం మనిషిని పంపించారు. ఎర్నిస్, నన్ను జోల్దోష్ ఇంటి దగ్గర దింపుతావా? ఆ గుడ్డ తిరిగి ఇచ్చేద్దామని. నువ్వన్నదే నిజం, కోర్టులో నవ్వుతారు."

అతను నన్ను కాసేపు చూశాడు. నాకేం తెలుసో తెలుసుకోవాలని ఉంది అతనికి. అది మొహంలో దాచుకోలేదు.

"ఎక్కండి అక్కా. డాక్టరు వచ్చేలోపు వచ్చేద్దాం."

ఎడమ సీట్లో కూర్చున్నాను, మా దేశపు కార్లలో డ్రైవరు కూర్చునే వైపు. ముందు స్టీరింగు లేకుండా రోడ్డు మీదికి వెళ్తుంటే నాకెప్పుడూ భయమే. ఈసారి ఆ భయానికి కారణం ఉంది.

"ఏదీ, నీ పాటల పెట్టె వినిపించు. స్లావా పదివేల పాటలు పెడతాడంటగా."

"మీకేం కావాలి? మీ కాలం పాటలు కూడా ఉన్నాయి." నవ్వుతూ పెట్టె వెలిగించాడు. మొదటి పాట అందుకుంది, ఏదో పెళ్లి పాట. నేను చెయ్యి చాపి బొత్తాన్ని వెనక్కి ఒక మెట్టు తిప్పాను. ఆఖరిదానికి పోయింది. ఇంకో మెట్టు తిప్పాను.

ఒక ముసలి గొంతు లేచింది. వాయిద్యం లేదు, గది నిండా మనుషుల ఊపిరి, వెనక ఎవరో ఆడవాళ్ల వెక్కిళ్లు.

"ఇదేంటి?" అన్నాడు చొరోయెవ్. "ఈ కొరియావాడు శోకాలు కూడా ఎక్కించాడా?"

"ఉండనీ. అసిల్కాన్ అమ్మ."

అతని చెయ్యి బొత్తం దాకా వచ్చి ఆగింది. చనిపోయిన మనిషి గొంతుని మధ్యలో తుంచడం మాలో ఎవరివల్లా కాదు. అతని వల్లా కాలేదు. గుడ్డ మడత పెట్టిన చెయ్యే అది.

*"ఎవరి కొడుకువి నాన్నా మిర్లాన్, ఏ ఊరి నీళ్లు తాగావు? నీ అమ్మ వాకిట్లో చూస్తోంది, ఏమని చెప్పను నీ అమ్మకి? ఎల్జోర్, నీ చేతుల్లో సున్నం ఆరలేదు. తోకోష్, నీ చెప్పులు కొత్తవి. సిమెంటు తిన్నవాడు ఇంట్లో పడుకున్నాడు, ఇసుక కప్పుకుని మీరు పడుకున్నారు..."*

పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. మూడో పేరు దగ్గర చొరోయెవ్ నవ్వు పోయింది. ఆ పేర్లు అతను ఒకప్పుడు ఫైల్లో రాసుకున్నవే. ఏడో పేరు దగ్గర కారు వేగం తగ్గింది. జోల్దోష్ వీధి మలుపు వచ్చింది, పోయింది. అతను తిప్పలేదు.

శోకం ఆగింది. పెట్టె తనంతట తానే తర్వాతదానికి వెళ్లింది. గ్లాసుల చప్పుడు వినిపించింది. మదుమారోవ్ గొంతు ఏదో అడిగింది. జవాబు చెప్పిన గొంతు నా పక్కన కూర్చున్న మనిషిదే, ఇంకొంచెం హుషారుగా, తిండి తిన్నాక మాట్లాడినట్టు.

"ఎందుకన్నా కంగారు? గోడ తడికి కూలిందని రాసేస్తాను. ఆ ఏడుగురి కోసం వచ్చి అడిగేవాళ్లు ఎవరున్నారు ఈ ఊళ్లో?"

చొరోయెవ్ పెట్టె ఆపేశాడు.

కారులో చప్పుడంతా పోయింది. అతను రోడ్డు మీంచి కళ్లు తిప్పలేదు. నేను కూడా కదల్లేదు. ఏదో ఒక మాట వెతుక్కుని ఈ కారు దిగిపోవాలి, విననట్టు ఉండాలి, వయసైపోయి చెవులు సరిగ్గా పనిచెయ్యనట్టు ఉండాలి అని ఆలోచిస్తున్నాను.

అప్పుడు నా జేబులోంచి ఏడుపు వినిపించింది.

పెద్దవాళ్లు శోకం ఎత్తుకుంటే ఇంటి కోడలు అందుకోవాలి. అది చెప్పి చేయించేది కాదు. ఆ గొంతు చెవిన పడగానే జీబెక్ అందుకుని ఉంటుంది. నేను చెప్పిన మాట ఆమెకి ఒక్క ముక్క కూడా గుర్తుండి ఉండదు. పెట్టె మోగుతున్నంతసేపూ అత్తగారి గొంతు కింద ఆమె గొంతు దాగింది. ఇప్పుడు పెట్టె ఆగిపోయింది. జీబెక్ ఆగలేదు. సన్నగా, తడిగా, నా కోటు గుడ్డలోంచి ఆ ఏడుగురి పేర్ల తర్వాత ఎనిమిదో పేరు పలికింది. అది జోల్దోష్ పేరు.

చొరోయెవ్ నా జేబు వైపు చూశాడు. తర్వాత నా మొహంలోకి చూశాడు. మేం ఊరు దాటి చాలా దూరం వచ్చేశాం. అతని కుడిచెయ్యి తలుపు మీది మీటని నొక్కింది, నాలుగు తలుపుల తాళాలూ ఒకేసారి పడ్డాయి.